నా కింద ఏం జరుగుతోందో నాకు తెలియదు: నాలుగు కుషన్ల తర్వాత రాస్తున్న రివ్యూ

నడుము కింద నాకు స్పర్శ లేదు. వెన్నుపూసకు దెబ్బ తగిలి పదకొండేళ్లయింది. డాక్టర్లు నా ఫైల్ మీద టి10 అని రాస్తారు. అంటే బొడ్డు దగ్గర ఒక గీత గీసుకుంటే, ఆ గీత కింద ఏం జరిగినా నాకు కబురు అందదు. చేసేది అకౌంట్స్ పని కాబట్టి రోజుకు పది గంటలు వీల్‌చైర్‌లోనే ఉంటాను. ఈ పదకొండేళ్లలో నాలుగు కుషన్లు మారాయి. ఇప్పుడున్నది గాలి గదుల కుషన్, నాలుగో ఏడు నడుస్తోంది. రివ్యూ దాని గురించే. కానీ ముందు మూడింటి కథ చెప్పకపోతే దీన్ని ఎందుకు భరిస్తున్నానో మీకు అర్థం కాదు.

కంపెనీ పేరు రాయట్లేదు. దాచడానికి కాదు. పేరు రాస్తే చాలామంది ఇక్కడితో చదవడం ఆపేసి అదే మోడల్ కొనేస్తారు. నాకు కుదిరింది మీకు కుదరాలని లేదు.

షాపులో అందరూ కుషన్‌ని బొటనవేలితో నొక్కి చూస్తారు. "మెత్తగా ఉంది, ఇదే ఇవ్వండి" అంటారు. నేనూ అదే చేశాను. వేలితో నొక్కితే తెలిసేది వేలికి ఎలా ఉందన్నదే. మనం కూర్చునేది వేలి మీద కాదు, పిర్రల్లో ఉండే రెండు ఎముకల మొనల మీద. ఒంటి బరువులో పెద్ద వాటా అక్కడే దిగుతుంది. ఎముకకీ కుర్చీకీ మధ్య ఇరుక్కున్న కండ, చర్మం నలిగి రక్తనాళాలు మూసుకుపోతాయి. స్పర్శ ఉన్నవాళ్లు తమకు తెలియకుండానే ఇటూ అటూ జరుగుతూ ఉంటారు. నాకు ఆ అలారం లేదు. ఇంకో చిక్కేమిటంటే, దెబ్బ చాలాసార్లు లోపల, ఎముక పక్కనే మొదలవుతుంది. పైన చర్మం మీద కనబడేసరికే ఆలస్యమై ఉంటుంది.

మొదటిది ఫోమ్. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన రోజు వీల్‌చైర్‌తో పాటే వచ్చింది. నాలుగు అంగుళాల మందం, చదరంగా, తేలిగ్గా. పంక్చర్ అవదు, ఊగదు. మంచం మీదకు జరిగేటప్పుడు చెయ్యి ఆనిస్తే గట్టిగా నిలబడుతుంది. ఏడాదిన్నర దాన్ని తలచుకునే పనే పడలేదు. ఫోమ్ చచ్చిపోయేటప్పుడు చప్పుడు చెయ్యదు. పైనుంచి చూస్తే ఆకారం కొత్తదానిలాగే ఉంటుంది, లోపల మాత్రం ఎముకల కింద రెండు చోట్ల సత్తువ పోయి ఉంటుంది.

రెండో ఏడు చివర్లో ఒక సాయంత్రం స్నానం అయ్యాక మా తమ్ముడు చూసి, "అన్నయ్యా, కుడివైపు గోరంత ఎర్రగా ఉంది" అన్నాడు. వేలితో నొక్కాడు. "నొక్కినా తెల్లబడట్లేదే" అన్నాడు. ఆ మాటకి అర్థం ఇద్దరికీ తెలియదు. నొక్కితే తెల్లబడి మళ్లీ ఎరుపెక్కితే రక్తం ఇంకా తిరుగుతున్నట్టు. తెల్లబడకపోతే దెబ్బ అప్పటికే మొదలైనట్టు. ఛాయ తక్కువ ఒంటి మీద ఎరుపు అసలు కనబడకపోవచ్చు కూడా. అప్పుడు చుట్టుపక్కల కంటే అక్కడ వేడిగా ఉందా, గట్టిపడిందా, లేకపోతే మెత్తగా దిగిపోతోందా అని తడిమి చూడాలి. మేం పౌడర్ చల్లి ఊరుకున్నాం. మర్నాడు నెలాఖరు లెక్కలు, పన్నెండు గంటలు కూర్చున్నాను. మూడో రోజుకి చర్మం ఊడింది.

ఏడు వారాలు మంచం మీద బోర్లా పడుకున్నాను. లాప్‌టాప్‌ని కింద స్టూలు మీద పెట్టుకుని, తల మంచం అంచు నుంచి వేలాడేసి పని చేశాను. మెడ నొప్పి బాగా తెలిసింది. పుండు నొప్పి అసలు తెలియలేదు. ఆ తేడా ఇప్పటికీ నాకు వింతగానే ఉంటుంది.

రెండోది లెక్కలోకి రాదు, కానీ చెప్పాలి. నా సంగతి విని మా పిన్ని ప్రేమగా ఒక రింగు కుషన్ పంపింది, మధ్యలో బొక్క ఉండేది. పుండున్న చోట ఏమీ తగలదు కదా అని చూసినవాళ్లందరూ మెచ్చుకున్నారు. డ్రెస్సింగ్‌కి వచ్చే నర్సు దాన్ని చూసి, ముందు అది తీసి పక్కన పెట్టమంది. బొక్క చుట్టూ ఉన్న అంచు మీద బరువంతా పడుతుంది, మధ్యలో వేలాడే భాగానికి రక్తం సరిగ్గా అందదు, వాపు వస్తుంది. అమెరికా, యూరప్, ఆసియా పసిఫిక్ దేశాల నిపుణుల సంఘాలు ఇలాంటి ఒత్తిడి పుళ్ల మీద కలిసి 2019లో తెచ్చిన మార్గదర్శకాల్లో కూడా ఈ రింగులు వాడొద్దనే ఉంది. అయినా మందుల షాపుల్లో అన్నిటికంటే ముందు కనబడేది అదే. పిన్నికి మాత్రం బాగుందనే చెప్పాం.

మూడోది జెల్. అడుగున పిర్రల ఆకారానికి మలచిన గట్టి ఫోమ్, దాని మీద చిక్కటి ద్రవం నింపిన సంచి. దీని మీద ఐదేళ్లు ఉన్నాను, చెడ్డ మాట చెప్పలేను. నడుము కుదురుగా నిలిచేది, పక్కకు వాలిపోయేవాడిని కాదు. చర్మం బాగుంది. చలికాలం పొద్దున ఆ జెల్ రాయిలా చల్లగా ఉండేదని తమ్ముడు అంటే విన్నాను గానీ నాకేం తెలుసు. ఇబ్బంది బరువుతో వచ్చింది. రోజూ కార్లోకి ఎక్కేటప్పుడు కుర్చీ మడిచి, కుషన్ ఎత్తి పక్క సీట్లో వెయ్యాలి. నా కాళ్ల పని కూడా భుజాలే చేస్తాయి, వాటిని పాడుచేసుకునే స్తోమత నాకు లేదు. రెండో ఇబ్బంది, కూర్చున్న కొద్దీ జెల్ ఎముకల కింద నుంచి పక్కలకు జరిగిపోతుంది. రోజూ ఒకసారి పిసికి మళ్లీ మధ్యలోకి తేవాలి. ఐదో ఏట ఒక వారం ఊరెళ్లిన హడావిడిలో అది మర్చిపోయాం. ఎడమవైపు మచ్చ వచ్చింది. ఈసారి అదేమిటో తెలుసు కాబట్టి వెంటనే మంచమెక్కాను, నాలుగు రోజుల్లో పోయింది.

ఇక నాలుగోది. పై నుంచి చూస్తే గుడ్లు పెట్టుకునే అట్టలా ఉంటుంది, కాకపోతే నల్లటి రబ్బరు. వేలెడు ఎత్తున్న చిన్న చిన్న గదులు వరుసలుగా ఉంటాయి. అన్నీ అడుగున ఒకదానితో ఒకటి కలిసి ఉంటాయి. ఒక చోట నొక్కితే అక్కడి గాలి పక్క గదుల్లోకి వెళ్తుంది. కాబట్టి ఎముక మొన ఎక్కడ దిగితే అక్కడ లోతు ఏర్పడుతుంది, చుట్టూ ఉన్న గదులు ఒంటిని పట్టుకుంటాయి. ఎంత ఎక్కువ చోటు కుషన్‌కి ఆనితే ఒక్కొక్క చోట పడే బరువు అంత తగ్గుతుంది, ఇందులో కిటుకు అంతే. ఈ పద్ధతిని 1970ల్లో తెచ్చింది రాబర్ట్ గ్రేబ్ అనే అమెరికన్ ఇంజనీరు. ఆయన రోహో కుషన్ ఇప్పటికీ ఉంది, దాని బాటలో వచ్చినవి చాలా ఉన్నాయి. నాది ఏదన్నది అనవసరం.

నాకు అమ్మినవాడు గోడ మీద చార్ట్ చూపించాడు. దాని మీద 32 దగ్గర ఎర్ర గీత. "సార్, ఒత్తిడి 32 దాటితే పుండే, మాది దాటదు" అన్నాడు. తర్వాత చదివి తెలుసుకున్నాను. ఆ 32 అనే అంకె 1930లో లాండిస్ అనే శాస్త్రవేత్త చేతివేలి గోరు మొదట్లో ఉండే సన్నని రక్తనాళాల్లో కొలిచింది. పాదరసం మిల్లీమీటర్ల లెక్క అది. గోరు దగ్గర తీసుకున్న కొలత నా పిర్రలకు హద్దు ఎలా అవుతుంది? ఎవరికి ఎంత ఒత్తిడి ఎంతసేపు ఉంటే పుండు పడుతుందో చెప్పే ఒకే ఒక్క అంకె లేదు. ఎవరైనా మీకు 32 చూపించి అమ్ముతుంటే మర్యాదగా నవ్వి వేరే ప్రశ్న అడగండి. "గాలి ఎంత ఉండాలో నన్ను కూర్చోబెట్టి చూపిస్తారా?" అని.

నేను అడగలేదు. ఆయన పంపుతో టపటపా గాలి కొట్టి, బిగుతుగా చేసి, వాల్వ్ మూసి ఇచ్చేశాడు. నేనూ బాగానే ఉందనుకున్నాను. గాలి ఎక్కువుంటే బాగా తేలుతాను కదా! రెండు వారాలు అలాగే తిరిగాను. కుర్చీలో పడవ మీద కూర్చున్నట్టు ఊగిపోయేవాడిని. షెల్ఫ్‌లో ఫైల్ అందుకోబోయి రెండుసార్లు పక్కకు ఒరిగాను. సాయంత్రానికి రెండు వైపులా గులాబీ రంగు.

అప్పుడు ఆక్యుపేషనల్ థెరపిస్ట్ దగ్గరికి వెళ్లాను, అంటే రోజువారీ పనులకు ఒంటినీ సామాన్లనూ కుదిర్చి పెట్టే నిపుణురాలు. ఆవిడ కుషన్ మీద సెన్సర్లున్న పల్చటి షీట్ పరిచి నన్ను కూర్చోమంది. కంప్యూటర్ తెర మీద నా పిర్రల బొమ్మ వచ్చింది. మధ్యలో, ఒత్తిడి ఎక్కువున్న చోట, ఎర్రగా రెండు చుక్కలు. పదకొండేళ్ల జీవితంలో నా కింద ఏం జరుగుతోందో నాకు కనబడిన మొదటి రోజు అదే. ఆవిడ వాల్వ్ కొంచెం తిప్పింది. సన్నగా బుస్సుమని గాలి పోతుంటే నేను మెల్లగా కిందికి దిగుతున్నాను, తెర మీద ఎరుపు పసుపైంది, ఆ పసుపు ఆకుపచ్చైంది. నాకు నవ్వొచ్చింది. "ఆగండి, ఇంకా చూడండి" అని ఆవిడ ఇంకొంచెం వదిలింది. పచ్చ పోయి మళ్లీ ఎరుపు వచ్చింది, ఈసారి ఇంకా ముదురుగా, ఇంకా చిన్నగా. కుషన్ అడుగుకి ఎముక తగిలిపోయింది.

గాలి ఎక్కువైతే బంతి మీద కూర్చున్నట్టు, తక్కువైతే పలక మీద కూర్చున్నట్టు. నడుమ ఉన్న ఆ సందు చాలా చిన్నది. అది దొరక్కపోతే ఎంత ఖరీదైన గాలి కుషనైనా పాత ఫోమ్ కంటే అధ్వాన్నం.

ఆ సందుని పట్టుకోవడానికి మిషన్ అక్కర్లేదు, చెయ్యి చాలు. కుషన్ కుర్చీలో పెట్టి, పాదాలు ఫుట్‌రెస్ట్ మీద పెట్టి, రోజూ కూర్చునే బట్టల్తో, రోజూ కూర్చునే తీరులో కూర్చోవాలి. గాలి కొంచెం ఎక్కువే ఉంచుకోవాలి. పక్కనున్నవాళ్లు నా కిందకి, గాలి గదుల పైభాగానికీ నా ఒంటికీ మధ్య, చెయ్యి దూర్చి అన్నిటికంటే కిందికి దిగిన ఎముక ఎక్కడుందో పట్టుకోవాలి. తర్వాత చెయ్యి అక్కడే ఉంచి గాలి వదులుతూ, ఎముకకీ అడుగుకీ మధ్య అర అంగుళం నుంచి అంగుళం మిగిలేదాకా దించాలి. వేళ్ల కొసలు కొంచెం ఆడాలి, గుప్పెడు పట్టకూడదు. మా తమ్ముడికి ఇప్పుడు ఇది పది సెకన్ల పని. పొద్దున పేపరు చదువుతూ ఒక చేత్తో చేసేస్తాడు. "అన్నయ్యా, అర వేలే ఉంది" అంటాడు, నేను పంపు అందుకుంటాను. మొదట్లో మాకిద్దరికీ మహా సిగ్గుగా ఉండేది. ఏడు వారాలు బోర్లా పడుకున్నవాడికి సిగ్గు ఎక్కువ కాలం ఉండదు.

ఫోమ్, జెల్ వాడేవాళ్లూ ఇలాంటిదే చెయ్యొచ్చు. అరచెయ్యి పైకి తిప్పి కుషన్ అడుగున, ఎముక కింద పెట్టండి. నలిగిపోకుండా కనీసం అంగుళం మందం మిగలాలి. ఎముక చేతికి గుచ్చుకున్నట్టు తెలిస్తే ఆ కుషన్ పని అయిపోయినట్టే, కొని ఎన్నాళ్లయిందన్నది వేరే సంగతి.

కుషన్ మారితే మిగతా కుర్చీ కూడా మారుతుందని నాకెవరూ చెప్పలేదు. దీని మీద నేను ముందు కంటే కొంచెం ఎత్తులో ఉన్నాను, పాదాలు ఫుట్‌రెస్ట్ మీద సగమే ఆనాయి. సరిచేస్తానని తమ్ముడు దాన్ని మరీ పైకి లేపాడు. మోకాళ్లు పైకి లేచి తొడలు కుషన్‌ని వదిలేశాయి, తొడలు మొయ్యాల్సిన బరువు మళ్లీ పిర్రల మీదకే. తొడ మొత్తం ఆనేలా, మోకాలి వెనక మాత్రం రెండు మూడు వేళ్ల సందు ఉండేలా చూసుకోవాలి. మడత వీల్‌చైర్లలో సీటు గుడ్డ సాగి ఊయలలా వేలాడుతుంది, ఏ కుషన్ వేసినా మధ్యకు కుంగుతుంది. నేను కింద ఒక గట్టి బోర్డు వేయించుకున్నాను. అది లేకుండా గాలి కుషన్ సరిగ్గా కుదరలేదు.

కవర్ సంగతి. సాగే గుడ్డ, గాలి ఆడేది ఉండాలి. కుషన్‌తో వచ్చిన కవర్ మంచిదే గానీ ఉతికాక ఒకసారి ముందు వెనక తారుమారు చేసి తొడిగాం, రెండు రోజుల తర్వాత చూసుకున్నాం. ఇప్పుడు ముందు వైపు ఎర్ర దారంతో కుట్టు వేశాను. తడి అంటకూడదని మీద తువ్వాలు మడిచి వేసేవాళ్లని చాలామందిని చూశాను. ఆ తువ్వాలు బిర్రుగా నిలబడి ఒంటిని గదుల్లోకి దిగనివ్వదు. అంత డబ్బు పోసి కొన్నది తువ్వాలు కింద పడి ఉంటుంది. మూత్రం లీకయ్యే ఇబ్బంది ఉంటే అందుకోసమే చేసిన కవర్లు దొరుకుతాయి. తడిసిన చర్మం త్వరగా చెడుతుంది కాబట్టి ఈ విషయంలో మొహమాటం వద్దు. వెనక జేబులున్న జీన్స్ నేను మానేశాను, ఆ మందపాటి కుట్లు, ఇత్తడి బొత్తాలు చాలు మచ్చ పడటానికి.

ఇక తిట్లు. ఒకటి, ఊగుడు. సరైన గాలి ఉన్నా కొంత ఊగుతుంది. నా నడుము పైభాగంలో బలం ఉంది కాబట్టి అలవాటైంది, దానికే నెల పట్టింది. పక్షవాతం వచ్చి ఒక వైపు ఒరిగే మనిషికి ఈ రకం నేను చెప్పను. మలచిన అడుగున్న జెల్ కానీ, పక్కల కుదురుగా నిలిపే ఫోమ్, వెనక గాలి గదులు ఉన్న మిశ్రమం కానీ మేలు. ఎడమ, కుడి వేర్వేరు వాల్వులున్న మోడళ్లు కూడా ఉన్నాయి. రెండు, మంచం మీదకు జరగడం. కుషన్ అంచు మీద చెయ్యి ఆనిస్తే దిగబడుతుంది. నేను ఫ్రేమ్ పట్టుకోవడం నేర్చుకున్నాను. మూడు, పంక్చర్. రెండో ఏట చొక్కాకి పెట్టుకున్న పిన్నీసు ఊడి పడింది. ఒక్కసారి దిగిపోతే తెలిసేది. ఇది మెల్లమెల్లగా పోయింది, మధ్యాహ్నానికి నేను అడుగు మీద కూర్చుని ఉన్నాను. తమ్ముడు ఆఫీసులో ఉన్నాడు. టేబుల్ ఎందుకో ఎత్తుగా అనిపిస్తోందే అని అనుమానం వచ్చి చెయ్యి పెట్టి చూసుకున్నాను కాబట్టి సరిపోయింది. టబ్బులో ముంచితే బుడగలు వచ్చిన చోట దొరికింది, సైకిల్ ట్యూబ్‌కి వేసినట్టే ప్యాచ్ వేశాం. ఆ రెండు రోజులు పాత జెల్ మీద కూర్చున్నాను. గాలి కుషన్ కొనేవాళ్లు పాతదాన్ని పారెయ్యకండి.

నాలుగోది తిట్టు కాదు గానీ, విమానంలో పైకి వెళ్లాక క్యాబిన్‌లో గాలి ఒత్తిడి తగ్గి కుషన్ ఉబ్బుతుంది. కొండ ప్రాంతాలకు వెళ్లినా అంతే. కొంచెం వదిలి, దిగాక మళ్లీ నింపుకోవాలి. దిగాక నింపడం మర్చిపోతేనే ప్రమాదం.

చర్మం విషయంలో దీనికి నేనిచ్చే మార్కులు ఐదుకి ఐదు. గాలి సరిచేశాక ఈ మూడున్నరేళ్లలో అరగంటలో పోని ఎరుపు ఒక్కసారే వచ్చింది, అది పిన్నీసు రోజు. బరువుకి ఐదు, భుజాలు బతికాయి. కుదురుకి రెండు. రోజూ పెట్టే పనికి రెండు. ఇంట్లో చెయ్యి పెట్టి చూసే మనిషి లేకపోతే, లేదా తనే చూసుకోగల చేతులు లేకపోతే, మొత్తానికి రెండే అనుకోండి. రోజుకు రెండు మూడు గంటలు కూర్చుని, స్పర్శ ఉండి, తనంతట తను లేచి నిలబడగల పెద్దవాళ్లకు ఇంత హంగామా అక్కర్లేదు. మంచి ఫోమ్ కొని, తరచు తడిమి చూసి, సత్తువ పోగానే మార్చేస్తే చాలు.

కుషన్ ఏదైనా దాని మీద కదలకుండా కూర్చోమని అర్థం కాదు. నా ఫోన్‌లో ప్రతి ఇరవై నిమిషాలకీ ఒక గంట మోగుతుంది. ముందుకు వంగి ఛాతీని తొడల దగ్గరికి తెచ్చి రెండు నిమిషాలు ఉంటాను. ఇదివరకు చేతులతో ఒళ్లు పైకి లేపి ఐదు సెకన్లు ఉండి దిగేవాడిని. ఆ ఐదు సెకన్లలో రక్తం తిరిగి నిండదు, పైగా భుజాలు అరుగుతాయి. ఆన్‌లైన్ మీటింగ్‌లో నేను వంగగానే మొదట్లో అందరూ ఏదో పడిపోయిందనుకునేవారు. ఇప్పుడు నేను వంగితే మా మేనేజరు కూడా లేచి నీళ్లు తాగి వస్తోంది.

కొత్తది ఏది కొన్నా మొదటి రోజే పది గంటలు కూర్చోకండి. గంట కూర్చుని చర్మం చూసుకోండి, ఎరుపు అరగంటలో పోతే మర్నాడు రెండు గంటలు. చూడటానికి మనిషి లేకపోతే ఫోన్‌తో ఫొటో తీసుకోవచ్చు. నా ఫోన్‌లో అలాంటి ఆల్బం ఒకటుంది. దానికి తమ్ముడు తాళం పెట్టించాడు, ఒకసారి ఇంటికొచ్చిన చుట్టాలకు పెళ్లి ఫొటోలు చూపిస్తూ వేలు ఒకటి ఎక్కువ జరిపాను.